మర్డర్ మిస్టరీ నవలలో తేలకుండా మిగిలిన ముడులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. హంతకుడి పేరు తెలిసిపోయాక కూడా నిద్ర పట్టనివ్వని చిన్న చిన్న సంగతుల గురించే ఇదంతా. ఆ రెండో గ్లాసు ఎవరిది? ఆ రాత్రి ఫోన్ చేసిందెవరు? మా మాట ముందే చెప్తున్నాం: చాలాసార్లు జవాబు పుస్తకంలోనే, మీరు గబగబా దాటేసిన పేజీలోనే ఉంటుంది. నిజంగా లేకపోతే, లేదని తేల్చుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది.

నవల అయిపోయింది, ఒక విషయం మాత్రం తేలలేదు. మొదట ఏం చూడాలి?

మీ చేతిలో ఉన్న పుస్తకం పూర్తిగా ఉందో లేదో చూడండి. తెలుగు నవలలు ఎక్కువగా 16 పేజీల కట్టలుగా, అంటే ఫారాలుగా అచ్చవుతాయి. మొదటి ఫారం 1 నుంచి 16 వరకు, ఏడో ఫారం 97 నుంచి 112 వరకు. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు పడి, ఇంకొకటి పడకుండా పోవడం పాత పాకెట్ పుస్తకాల్లో కొత్తేమీ కాదు. కథ ఉరుకుతున్నప్పుడు పేజీ నంబరు ఎవరూ చూడరు. అధ్యాయం ముగిసే చోట ఫారం కూడా ముగిస్తే అసలే తెలియదు. 16, 32, 48, 64, 80, 96, 112 ఇలా పదహారు పదహార్లుగా పోతూ, ప్రతిదాని పక్కన తర్వాతి అంకె ఉందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని. అద్దె లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకమైతే మొదటి పేజీలూ చివరి పేజీలూ ఇంకోసారి చూడాలి, ముందు చిరిగేవి అవే.

ఆ తర్వాత, ఆ నవల మొదట వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందా అన్నది కనుక్కోండి. సీరియల్ అయితే ప్రతి వారం చివర ఒక ఉలికిపాటు ఉండాల్సిందే. తలుపు దబదబా బాదుతారు, లైటు ఆరిపోతుంది, ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తారు. పుస్తకం వేసేటప్పుడు పేజీలు తగ్గించాలని తర్వాతి వారం మొదట్లో ఉన్న జవాబు కోసేసి, ముందు వారం చివర్లో ఉన్న ఉలికిపాటును అలాగే ఉంచేస్తారు. పది పన్నెండు పేజీలకొకసారి సరిగ్గా ఇలాంటి చోటే ముడులు మిగిలిపోతుంటే, అవి క్లూలు కావు, వారపత్రిక వదిలిన ఆనవాళ్ళు. వాటి మీద బుర్ర బద్దలు కొట్టుకోకండి.

అనువాద నవలలో మాత్రమే అర్థం కానివి ఎందుకు ఎక్కువ?

రెండు కారణాలు, రెండూ మన భాషకు సంబంధించినవే.

మొదటిది వరసలు. ఇంగ్లీషులో అంకుల్ అన్న ఒక్క మాటకు మనకు పెదనాన్న, చిన్నాయన, మేనమామ, పెద్దమ్మ భర్త, చిన్నమ్మ భర్త, మేనత్త భర్త ఉన్నారు. అనువాదకుడు మూడో అధ్యాయంలో ఊరికే 'మామయ్య' అని రాసేస్తాడు. పద్దెనిమిదో అధ్యాయంలో అదే మనిషికి తాత ఆస్తిలో వాటా వస్తుంది. తల్లి తరఫు మనిషికి తండ్రి తరఫు తాత ఆస్తి ఎలా వచ్చిందని మీరు తల పట్టుకుంటారు. అక్కడ ముడి ఏమీ లేదు. అతను మొదటి నుంచీ చిన్నాయనే. ఆస్తి, వారసత్వం చుట్టూ తిరిగే అనువాద నవల చదువుతుంటే ముందే ఒక వంశవృక్షం గీసుకుని, వరసలు మీరే సరిచేసుకోండి.

రెండోది క్రియ. తెలుగులో 'వచ్చాడు' అంటే మగవాడు, 'వచ్చింది' అంటే ఆడమనిషి, పిల్లి, బస్సు ఏదైనా కావచ్చు. ఇంగ్లీషు రచయిత ఆడో మగో చెప్పకుండా పేజీల కొద్దీ నడిపించగలడు. తెలుగులో ఒక్క క్రియ చాలు, గుట్టు బయటపడుతుంది. అందుకని అనువాదకుడు 'ఎవరో వచ్చారు' అని రాస్తాడు. ఇప్పుడు ఇంకో చిక్కు. ఆ 'వచ్చారు' ఒక్కరా, ఇద్దరా? తర్వాత ఇద్దరు మనుషులు ఎక్కడా తేలకపోతే, మొదట్లోనే ఒక్కరేనని అర్థం చేసుకోవాలి.

దీన్నే మన తెలుగు రచయితలు బలంగా కూడా వాడుకుంటారు. 'మెట్లు దిగి వెళ్ళింది' అన్న వాక్యం చూసి మీరు పనిమనిషి అనుకున్నారు. వాక్యంలో కర్త లేదు. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, మీరే కర్తను పూరించుకున్నారు. రెండోసారి చదివేటప్పుడు కర్త లేని ప్రతి వాక్యం దగ్గరా ఆగండి. తెలుగు మిస్టరీలో దాక్కోవడానికి దానంత మంచి చోటు లేదు.

రెండోసారి చదవడానికి పద్ధతి ఏమిటి?

మొదటిసారి ఏమీ రాసుకోవద్దు, కథను కథగా చదవండి. రెండోసారికి ఒక లాంగ్ నోట్‌బుక్, నీలం పెన్ను, ఎర్ర పెన్ను కావాలి. పేజీకి నాలుగు గళ్ళు గీయండి: పేజీ నంబరు, ఏం జరిగింది, మనకు చెప్పిందెవరు, ఎక్కడ తేలింది.

మూడో గడి ప్రాణం. కథకుడు మన కళ్ళముందు జరిగినట్టు చూపించినది నీలంతో, ఒక పాత్ర నోటితో చెప్పినది ఎర్రతో రాయండి. 'రాజయ్య పదింటికి పడుకున్నాడు' అన్నది కథనంలో ఉంటే నీలం. రాజయ్య భార్య 'ఆయన పదింటికే పండుకున్నడు సార్' అంటే ఎర్ర. చదివేటప్పుడు రెండూ ఒకటే అనిపిస్తాయి. నోట్‌బుక్కులో ఎర్రవన్నీ ఒక చోట కనిపించగానే సగం ముడులు వాటంతట అవే విడిపోతాయి. ఎందుకంటే మీరు నిజం అనుకున్న వాటిలో చాలావరకు ఎవరో ఒకరు చెప్పిన మాటలే.

నాలుగో గడి ఖాళీగా మిగిలినవే మీ అసలు జాబితా. 250 పేజీల నవలకు ఈ ఖాళీలు పది దాటితే మీరు మరీ చిల్లరవి కూడా రాస్తున్నారన్నమాట. కాఫీలో చక్కెర ఎందుకు తక్కువైందో రచయిత చెప్పక్కర్లేదు.

రచయిత కావాలని వదిలిందా, మరిచిపోయిందా? ఎలా గుర్తుపట్టాలి?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు, కానీ గుర్తులున్నాయి.

కావాలని వదిలింది మళ్ళీ తలెత్తుతుంది. మూడో అధ్యాయంలో ఒకసారి, పదకొండులో ఒకసారి, చివర్లో ఎవరో దాని గురించి అడగబోయి ఆగిపోతారు. ఆ ఆగిపోవడమే రచయిత సంతకం. 'ఇది నాకు గుర్తుంది, అయినా చెప్పను' అని అర్థం. మరిచిపోయింది అలా ఉండదు. ఒక్కసారి గట్టిగా కనిపిస్తుంది, తర్వాత ఆ విషయం తెలియాల్సిన పాత్రలు కూడా దాని ఊసెత్తరు. డిటెక్టివ్ అనుమానితులను వరసగా లెక్కపెట్టే సన్నివేశంలో కూడా అది లేకపోతే మరిచిపోయినట్టే.

పెద్ద పెద్దవాళ్ళకూ ఇది జరిగింది. కోనన్ డాయిల్ 1887లో 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' రాసినప్పుడు షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌కు యుద్ధంలో తూటా భుజానికి తగిలింది. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'కి వచ్చేసరికి గాయం కాలికి మారింది. పాఠకులు రెండు తూటాలని, ఒకే తూటా అటు నుంచి ఇటు పోయిందని ఎన్నెన్నో ఊహించారు. పుస్తకం లోపలి సాక్ష్యం మాత్రం ఒకటే చెప్తుంది: ఆ గాయం మీద ఏ కేసూ ఆధారపడలేదు. దేని మీదా ఆధారపడని తేడా దాదాపు ఎప్పుడూ మరుపే.

రేమండ్ చాండ్లర్ 'ది బిగ్ స్లీప్' (1939) సంగతి ఇంకా ముదురు. అందులో కారుతో సహా సముద్రంలో తేలిన డ్రైవర్‌ను చంపారా, అతనే చచ్చిపోయాడా అన్నది చివరికీ తేలదు. సినిమా తీస్తున్నప్పుడు దర్శకుడు హోవర్డ్ హాక్స్ తంతి కొట్టి అడిగితే తనకూ తెలియదని చెప్పినట్టు చాండ్లరే తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. ఇది వాట్సన్ గాయం లాంటిది కాదు. ఒక మనిషి చావు. దాని మీద కథలో కొంత భాగం నిలబడి ఉంది కూడా. అయినా నవల నడుస్తుంది, ఎందుకంటే చాండ్లర్ బలం ముడి విప్పడంలో కంటే ఆ ఊరి చీకటిని చూపించడంలో ఉంది. ముడి ముఖ్యమైన నవలలో ఇదే పొరపాటు జరిగి ఉంటే మేం క్షమించేవాళ్ళం కాదు.

దొంగ క్లూ అంటే కూడా తేలని ముడే కదా?

కాదు. తప్పుదారి పట్టించడానికి పెట్టిన క్లూకి కూడా సొంత జవాబు ఉండాలి. తోటమాలి రాత్రి పూట గొయ్యి తవ్వాడు, మీరు శవం అనుకున్నారు, తీరా చూస్తే దాచుకున్న నాటుసారా. ఇది న్యాయమైన దొంగ క్లూ. గొయ్యి తవ్వాడు, ఎందుకో ఎప్పటికీ చెప్పలేదు అంటే అది రచయిత ఎగ్గొట్టిన బాకీ.

టైం లెక్కలు కుదరట్లేదు. ఎక్కడ తప్పుతున్నాం?

ఎక్కువగా మాటల దగ్గరే. తెలుగులో 'మొన్న' అంటే నిన్నటి ముందు రోజు. మాటల్లో మాత్రం పది రోజుల కింద జరిగినా మొన్నే. 'రాత్రి వచ్చిండు' అంటే గడిచిన రాత్రి. 'పొద్దుగూకినంక' అంటే పొద్దు గుంకాక, చలికాలంలో ఆరింటికే, మే నెలలో ఏడు కావస్తుంది. సాక్షి మాటల్లోని ఇలాంటి వాటికి గడియారం టైం వేసేటప్పుడు ఒక్క అంకె రాయకండి, 'ఇంతకూ ఇంతకూ మధ్య' అని రాయండి. పాత నవలల్లో జాములు వస్తాయి. జాము అంటే 3 గంటలు. సాయంత్రం ఆరు నుంచి లెక్కపెడితే రాత్రి రెండో జాము 9 నుంచి 12, మూడో జాము 12 నుంచి 3. 'మూడో జామున అరుపు వినిపించింది' అని ఉంటే మూడింటికి అని రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ లెక్క అక్కడే మూడు గంటల దాకా తప్పిపోతుంది.

వెన్నెలను వదలకండి. తిథి తెలిస్తే చంద్రుడు ఎప్పుడుంటాడో తెలుస్తుంది. పున్నమి నాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు పొడుస్తాడు, ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యం. బహుళ అష్టమికి నడిరాత్రి దగ్గర పొడుస్తాడు. శుద్ధ అష్టమికి నడిరాత్రి దగ్గర గుంకుతాడు. మన దగ్గర దీనికి మంచి పరీక్ష సద్దుల బతుకమ్మ. అది దుర్గాష్టమి నాడు, అంటే శుద్ధ అష్టమి. ఆ రాత్రి ఒంటిగంటకు పండు వెన్నెల్లో ముఖం గుర్తుపట్టానని సాక్షి చెప్తే, సాక్షి అబద్ధమాడుతున్నాడు, లేదా రచయిత పంచాంగం చూడలేదు. మేడారం జాతర అయితే మాఘ పున్నమి దగ్గర వస్తుంది కాబట్టి వెన్నెల రాత్రంతా ఉన్నా తప్పు లేదు. కానీ జాతర రెండేళ్ళకోసారి. 2020, 2022, 2024 ఇలా సరిసంఖ్య సంవత్సరాల్లోనే వస్తుంది. 2005 జాతరలో తప్పిపోయిన పిల్ల అని నవలలో ఉంటే ఎర్ర పెన్ను తీయండి.

ఒక ముడిని మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపిస్తారా?

చూపిస్తాం. ఏ నవలదో చెప్తే చదవనివాళ్ళకు పాడవుతుంది కాబట్టి, ఇందుకోసం కల్పించిన కథ ఇది.

పరకాల దగ్గర ఒక ఊరు, మే నెల. జిన్నింగ్ మిల్లు యజమాని వెంకటయ్యకు రాత్రి 9:40కి ఇంటి ఫోన్ మోగింది. మాట్లాడి, మూడు బ్యాటరీల స్టీలు టార్చి తీసుకుని బయటికి వెళ్ళాడు. తెల్లారి మిల్లులో శవమై ఉన్నాడు. చివరి అధ్యాయంలో తమ్ముడు రాజయ్య తానే చంపానని ఒప్పుకున్నాడు. పాలు పంచుకుని వేరుపడ్డాక అన్న ఇంటి గడప తొక్కని మనిషి అతను. నవల అయిపోయింది.

ఇప్పుడు నోట్‌బుక్ తెరవండి. మూడో అధ్యాయంలో భార్య లక్ష్మి అంటుంది: 'పదింటికి కరెంటు పోయింది, పన్నెండింటికి గానీ రాలే.' ఎర్ర పెన్ను. అయిదో అధ్యాయంలో కాపలా మనిషి పదకొండింటికి మిల్లులో వెలుతురు చూశానంటాడు. ఇదీ ఎర్రే. ఇద్దరూ నిజమే చెప్తే, కరెంటు లేనప్పుడు మిల్లులో వెలుతురు ఎక్కడిది? వెంకటయ్య టార్చిది. అంటే టార్చి మిల్లు దాకా చేరింది. ఏడో అధ్యాయంలో పంచనామా ఉంది, అది నీలం: చెప్పులు, కండువా, బీడీకట్ట, తాళంచెవుల గుత్తి. టార్చి లేదు. చదివినప్పుడు ఇది ఎవరికీ తట్టదు, ఎందుకంటే జాబితాలో లేని వస్తువు కంటికి కనపడదు. జాబితాల దగ్గర ఉన్నవాటిని కాదు, ఉండాల్సినవాటిని లెక్కపెట్టాలి.

టార్చి ఏమైంది? డిటెక్టివ్ అడగడు. కానీ పద్నాలుగో అధ్యాయంలో, కేసుతో సంబంధమే లేనట్టున్న ఒక సన్నివేశంలో, వెంకటయ్య ఇంట్లో కోడలు గుమ్మి కిందున్న కంత నుంచి వడ్లు తీస్తుంటుంది. ధార మధ్యలో ఆగిపోతుంది. పుల్ల పెట్టి కదిపితే మళ్ళీ వస్తాయి. రచయిత ముందుకు వెళ్ళిపోతాడు. గుమ్మిలో వడ్లకు అడ్డం పడేంత వస్తువు ఏదో ఉంది. మూడు బ్యాటరీల టార్చి పొడవు గుర్తు చేసుకోండి.

ఇక్కడి నుంచి రెండు దారులు. ఒకటి: రాత్రి లక్ష్మి భర్త వెనకాలే మిల్లుకు పోయి, చూడకూడనిది చూసి, టార్చి తెచ్చి గుమ్మిలో పడేసింది. అప్పుడు రాజయ్య ఒప్పుకోలు ఎవరినో కాపాడడానికి. ఈ దారి వెలుతురును, పంచనామాను, గుమ్మిని, గడప తొక్కని మనిషి చెయ్యి ఆ ఇంటి గుమ్మి దాకా ఎలా చేరిందన్న ప్రశ్నను వివరిస్తుంది. ఒక్కచోట తడబడుతుంది: అలాగైతే 9:40 ఫోన్ సంగతి పోలీసులకు లక్ష్మే ఎందుకు చెప్పింది? రెండోది: అన్న శవం దగ్గరికి ఊరంతా వచ్చిన రోజు రాజయ్య కూడా వచ్చాడు, ఏడుపుల మధ్య గుమ్మిలో టార్చి జారవిడిచాడు. ఇది ఫోన్‌ను చెడగొట్టదు. కానీ టార్చిని ఊరవతల బావిలో పడేయకుండా ఒళ్ళో పెట్టుకుని అన్న ఇంటికే ఎందుకు తెచ్చాడో చెప్పలేదు.

మా మొగ్గు మొదటి దారికే. లక్ష్మి ఫోన్ సంగతి చెప్పకపోయినా పోలీసులకు వేరే దారిలో తెలిసేది, ముందే తాను చెప్తే అనుమానం రాదు. రెండో దారిలో రాజయ్య చేసిన పనికి అలాంటి సర్దుబాటు కూడా దొరకదు. చూడండి, ఇందులో మేం పుస్తకం బయటి నుంచి ఒక్క మనిషినీ, ఒక్క వస్తువునూ తేలేదు. కరెంటు లేనప్పుడు ఫోన్ ఎలా మోగిందని అడిగేవాళ్ళు ఉంటారు. ఒకటి, ఫోన్ మోగింది కరెంటు పోకముందే. రెండు, ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచి తీగలోనే వస్తుంది, ఇంట్లో కరెంటుతో పని లేదు.

రెండు వివరణలూ కుదిరితే ఏది నిజం?

పైన చేసినట్టే కాగితం మీద రెండు వరసలు వేయండి. ఒక్కో వివరణ ఎన్ని ఖాళీలను పూరిస్తోంది, కొత్తగా ఎన్ని ప్రశ్నలు తెస్తోంది? ఎక్కువ పూరించి తక్కువ తెచ్చేది మంచిది. సమానమైతే, వివరణ కోసం మీరు ఎన్ని నీలం వాక్యాలను అబద్ధం చేయాల్సి వచ్చిందో చూడండి. ఎర్రవి అబద్ధమైతే పాత్ర అబద్ధమాడిందని సర్దుకోవచ్చు. నీలం ఒక్కటి అబద్ధమైనా కథకుడే అబద్ధమాడాడని ఒప్పుకోవాలి. అది చాలా పెద్ద మాట, కథకుడు తానే ఒక పాత్రగా ఉండి 'నేను' అని చెప్తున్న నవలల్లో తప్ప వాడకూడదు.

ఆంథొనీ బర్క్‌లీ 1929లో 'ది పాయిజన్డ్ చాకొలెట్స్ కేస్' రాసినప్పుడు ఒకే హత్యకు ఆరుగురు క్లబ్బు సభ్యుల చేత వేర్వేరు పరిష్కారాలు చెప్పించాడు. ఒక్కోటి విన్నప్పుడు అదే నిజమనిపిస్తుంది. తొలి వివరణకే సంతోషపడి ఆగిపోయే అలవాటు ఉన్నవాళ్ళకు అంతకన్నా మంచి మందు లేదు.

శవం ఆధారంగా చెప్పిన చావు టైం నమ్మొచ్చా?

విదేశీ నవలల లెక్కలను మన ఎండాకాలానికి తెస్తే మోసపోతారు. శవం చల్లబడడాన్ని బట్టి టైం చెప్పడం చలి దేశాల్లో పనికొస్తుంది. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో ఎండ 44 డిగ్రీలకు చేరుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. అక్కడ శవం చల్లబడదు. కాబట్టి 'ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, చనిపోయి గంట కూడా కాలేదు' అని డాక్టర్ అన్నాడంటే, రచయిత అక్కడే మనకు దారి వదిలిపెట్టి ఉండొచ్చు. శవం బిగుసుకోవడం దవడ, మెడ వైపు ముందు తెలుస్తుంది, సుమారు 12 గంటలకు ఒళ్ళంతా బిగుసుకుంటుంది. ఎండాకాలంలో అది తొందరగా వచ్చి తొందరగా వదిలిపోతుంది. ఒళ్ళు మెత్తగా ఉందంటే ఇప్పుడే చనిపోయినట్టూ కావచ్చు, బిగుసుకుని వదిలేసినట్టూ కావచ్చు. ఈ రెండింటి మధ్య ఒక రోజుకు పైగా తేడా ఉంటుంది. ఆ టైంకు వేరే చోట ఉన్నామని చూపించే అలిబీలు ఎన్నో ఆ తేడాలో కొట్టుకుపోతాయి.

పోలీసుల ముందు ఒప్పుకున్నాడు, అయినా వదిలేశారు. ఇది లోపం కాదా?

లోపం కాదు, అదే చట్టం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో ఇది 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. మేజిస్ట్రేటు ముందు చెప్తే వేరు. నవల 1990లలో జరిగితే అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద 164 స్టేట్‌మెంటు, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183.

సాక్షులు పోలీసులకు చెప్పే స్టేట్‌మెంటు (పాత కోడ్‌లో 161, కొత్త సంహితలో 180) మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. 'స్టేట్‌మెంటు మీద సంతకం ఫోర్జరీ' అన్నది నవలలో అసలు క్లూ అయితే రచయిత గట్టిగా తప్పటడుగు వేశాడు. శవ పంచనామా మీద మాత్రం సంతకాలు ఉంటాయి, పంచులుగా ఆ ప్రాంతం మనుషులు కనీసం ఇద్దరు ఉండాలి. పంచులు ఎవరో పేర్లతో సహా రచయిత చెప్పాడంటే, ఆ పేర్లు మళ్ళీ ఎక్కడైనా వస్తాయేమో వెతకండి.

మన ప్రాంతంలో జరిగిన నవల. ఊరి వివరాలతో ఏమైనా తేల్చొచ్చా?

బండి నంబరుతో మొదలుపెట్టండి. వరంగల్ బండి ఏపీ 36, కరీంనగర్ ఏపీ 15, ఆదిలాబాద్ ఏపీ 01. 2014 జూన్ తర్వాత రిజిస్టర్ అయినవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. 2012లో జరిగిన హత్య దగ్గర టీఎస్ 03 బండి నిలబడి ఉంటే, ఆ జ్ఞాపకం చెప్తున్న పాత్ర తర్వాతెప్పుడో చూసినదాన్ని ఆ రోజుకు అంటగడుతోంది, లేదా రచయిత పొరబడ్డాడు. ఎర్రా నీలమా అన్నది చూస్తే ఏదో తెలిసిపోతుంది. అలాగే జిల్లాలు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి, హనుమకొండ పేరుతో జిల్లా 2021లో వచ్చింది. పాత ఉత్తరం అని చూపించిన కాగితం మీద 'హనుమకొండ జిల్లా' అని చిరునామా ఉంటే ఆ ఉత్తరం దొంగది కావచ్చు. రచయిత తెలివైనవాడైతే అదే అసలు క్లూ.

కాకతీయ కాలువలో కొట్టుకొచ్చిన శవాలు మన నవలల్లో మామూలే. జగిత్యాల వైపు కాలువలో పడ్డ శవం వరంగల్ వైపు తేలిందంటే నమ్మకండి. మధ్యలో కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు డ్యాం ఉంది. కాలువ నీళ్ళు జలాశయంలోకి దిగి, అక్కడి నుంచి తూముల గుండా మళ్ళీ కాలువలోకి వస్తాయి. శవం మానేరు దాటి రాదు. నవలలో దాటి వచ్చిందంటే ఎవరో బండిలో తెచ్చి కింది వైపు పడేసి ఉండాలి.

రచయిత పూర్తి చేయకుండానే చనిపోతే?

అప్పుడు జవాబు వెతకడం వేరే పని. డికెన్స్ 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్'ను 12 భాగాలుగా అనుకున్నాడు, 1870 జూన్‌లో చనిపోయేనాటికి ఆరు భాగాలకు సరిపడానే రాశాడు. మిగతా సగం కోసం ఇప్పటికీ ఊహిస్తూనే ఉన్నారు. ఇలాంటి పుస్తకంలో ముడి విప్పామని చెప్పకూడదు. ఎక్కడికి పోతున్నట్టుందో మాత్రమే చెప్పగలం.

బతికున్న రచయితను అడిగితే అయిపోదా?

అడగండి, కానీ రాసిన పదేళ్ళకు ఇచ్చే జవాబు కూడా ఒక ఎర్ర వాక్యమే. పుస్తకంలో ఉన్నదానితో కుదిరితే తీసుకోండి. కుదరకపోతే అచ్చయిన పేజీదే పై మాట.

పాత నవలలు, వేరే ముద్రణలు ఎక్కడ సరిచూసుకోవాలి?

హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో అడిగి చూడండి, జిల్లా గ్రంథాలయంలో కూడా. రెండు ముద్రణలు దొరికితే మొత్తం పోల్చే పని పెట్టుకోవద్దు. అధ్యాయాల సంఖ్య, ఒక్కో అధ్యాయం చివరి వాక్యం, చివరి అధ్యాయం మొత్తం, ఇవి చూస్తే చాలు. కోతలు ఎక్కువగా పడేది అక్కడే. పుస్తకం మీద పెన్నుతో మాత్రం రాయకండి. మార్జిన్‌లో 'హంతకుడు వీడే' అని రాసిన కాపీ మీ తర్వాత తీసుకునే మనిషికి ఎందుకూ పనికిరాదు.